ఈగకు నేరం అంటగట్టవచ్చా?

మిత్రుడు: ఆక్రోసెరిడే కుటుంబపు ఈగల గురించి చదివాక సృష్టిలోనే క్రూరత్వం ఉందనిపిస్తోందండీ. గూనివీపు, ఆవగింజంత తల, చూస్తే అమాయకంగా ఉంటుంది. దాని పిల్ల మాత్రం సాలీడును బతికుండగానే లోపల్నుంచి తినేస్తుంది.

నేను: క్రూరత్వం అనాలంటే మరో దారి ఉండీ దాన్ని కాదన్నవాడు ఉండాలి. ఇక్కడ అలాంటివాడు ఎవరు? చాలా జాతుల్లో తల్లి ఈగ సాలీడు జోలికే పోదు. ఎండుపుల్లల మీదో గడ్డిపరకల మీదో వందలు, వేల గుడ్లు పెట్టి పోతుంది. కంటికి ఆనీ ఆననంత లార్వానే పాకుతూ, దూకుతూ సాలీడును వెతుక్కోవాలి. దొరక్కపోతే చావే. దొరికితే కాలెక్కి, కీళ్ల దగ్గరి పల్చటి పొరను తొలుచుకుని లోపలికెళ్లి, పుస్తకాకార ఊపిరితిత్తుల పక్కన చేరి అక్కడి గాలే పీలుస్తుంది. బొరియల్లో ఉండే పెద్ద సాలీళ్లలో ఏళ్ల తరబడి అలా ఊరకే ఉండగలదు. చివరి దశలో మాత్రం ఆబగా లోపలిదంతా తినేసి, బయటికొచ్చి ప్యూపా అవుతుంది. వీటిలో ఏ మెట్టు దగ్గర అది ఆగి ఆలోచించగలదు?

మిత్రుడు: దోషి లేకపోతే బాధ కూడా లేనట్టేనా? గొంగళిపురుగును లోపల్నుంచి తినే కందిరీగలను దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే నమ్మలేనని డార్విన్ 1860లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రేకు రాశాడు కదా.

నేను: డార్విన్ నిలదీసింది దేవుణ్ణి, కందిరీగను కాదు. సాలీడుకు జరిగిన నష్టం నిజమే. వరదకు ఇల్లు కొట్టుకుపోయినా నష్టం నిజమే, ఏటి మీద కేసు పెట్టం. పైగా మీరు ఈ ఈగ బతుకులో సగమే చూశారు. కాలిఫోర్నియాలో యూలాంకస్ ఈగలు లోహంలా మెరుస్తూ, పొడవాటి తొండంతో పూల మకరందం తాగుతూ పుప్పొడి మోస్తాయి. కొన్ని ఇతర రకాలకైతే పెద్దయ్యాక పనిచేసే నోరే ఉండదు. పువ్వుకు చేసిన మేలుకు యూలాంకస్‌ను పుణ్యాత్మురాలు అనం. మరి సాలీడు విషయంలో పాపాత్మురాలు అనడం ఎలా?

మిత్రుడు: ఒప్పుకున్నాను. అంటే ప్రకృతిలో బలమున్నవాడిదే న్యాయమన్నమాట.

నేను: సరిగ్గా అక్కడే చాలామంది దారి తప్పుతారు. మత్స్యన్యాయం పేరు చెప్పి బలహీనుణ్ణి నంజుకుతినేవాళ్లు ప్రకృతిని సాక్ష్యానికి పిలుస్తారు. ఆ సాక్ష్యం చెల్లదు. మరో దారి లేదు కాబట్టే ఈగకు నేరం లేదు. కూలీకి డబ్బు ఎగ్గొట్టేవాడికి ఇచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉంది. ఈగను నిర్దోషిగా వదిలేసిన వాదమే అతణ్ణి బోనెక్కిస్తుంది.