అసలు రంగు

తెలుగులో 'అసలు' అనే మాట ఉందే, అంత గడుసు మాట మరొకటి లేదు. ఉర్దూ వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నదే గానీ, తిరిగి ఇచ్చే ఉద్దేశం మనకెవరికీ లేదు. అప్పు దగ్గర అసలు వేరు, వడ్డీ వేరు. నెయ్యి దగ్గర అసలు వేరు, కల్తీ వేరు. కోపమొస్తే "అసలు నువ్వెందుకొచ్చావ్?" అంటాం. అక్కడ దాని అర్థమేమిటో పండితులు కూడా తేల్చి చెప్పలేరు. ఎవరి బుద్ధి అయినా బయటపడితే "అసలు రంగు తెలిసింది" అంటాం. అంటే, రంగుకి అసలంటూ ఒకటి ఉంటుందనీ, అది అడుగున నక్కి ఉంటుందనీ, పైన గీకితే కనిపిస్తుందనీ మన నమ్మకం. ఇది ఎంతవరకు నిజమన్న సందేహం బి.ఏ.లో ఫిలాసఫీ చదువుతున్నప్పుడు నాకు రాలేదు. మా తమ్ముడు నాన్నగారి కారుని గీకడం మొదలుపెట్టినప్పుడు వచ్చింది.

ఆ కారు 1967 నాటి ఫియట్ 1100. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. ఇటలీలో 1953లో వచ్చిన మోడలుకి మనవైపు వారసురాలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసేవారు. తర్వాత 1974లో దానికే పద్మిని అని పేరుపెట్టారు. బొంబాయి టాక్సీల్లో ఆ పద్మినులు మొన్న 2023 అక్టోబరు దాకా తిరిగాయి. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు సోఫాలాగా ఒకటే బల్ల. పెళ్లివారు ఎక్కితే ఎనిమిదిమంది పట్టేవారు. దిగేటప్పుడు మాత్రం ఎవరి కాలు ఎవరిదో వెతుక్కోవాల్సి వచ్చేది. లైసెన్సుల రోజుల్లో కొత్త కారు కోసం ఏళ్లతరబడి ఎదురుచూడాలి గనక, నాన్నగారు 1976లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హాండులో కొన్నారు. నాన్నగారు పోయాక అది ఏలూరులో మా పాతింటి రేకుల షెడ్డులో పదేళ్లు కదలకుండా ఉండిపోయింది. కోళ్లు మాత్రం సుఖపడ్డాయి.

తమ్ముడు ఉద్యోగం మీద ఊళ్లోనే స్థిరపడ్డాక, దాన్ని బాగుచేస్తానన్నాడు. గారేజీకి ఇవ్వడట, ఇంట్లోనే చేస్తాడట. అద్దెకి కంప్రెసరు, స్ప్రే గన్ను తెచ్చాడు. ఆదివారాలు సాయానికి ఒక టింకరింగ్ మేస్త్రీని కుదుర్చుకున్నాడు. ఆయనకి అరవై దాటాయి. మాట తక్కువ. చొక్కా జేబులో బీడీ కట్టతోపాటు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. వచ్చిన మొదటిరోజు ఏమీ మాట్లాడకుండా అయస్కాంతాన్ని కారు చుట్టూ తిప్పాడు. ఇనుము ఉన్నచోట టక్కున అతుక్కుంటోంది. కుడివైపు ముందు మడ్‌గార్డు దగ్గర జారి కింద పడింది. "ఇక్కడ కారు లేదమ్మా, లప్పమే ఉంది" అన్నాడు నాతో. వేలెడు మందాన లప్పం పెట్టి, పైన నున్నగా రంగేసి ఉంది. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతోంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత పుట్టించినవాళ్లు కారు చూసి ఉండరుగానీ, చూసినా ఇంతకన్నా బాగా చెప్పలేరు.

రంగు వెయ్యడమంటే గన్ను పట్టుకుని చిమ్మడమేననుకునేదాన్ని. కాదు. అందులో ముప్పాతిక వంతు పని గీకడమే. ముందు ముతక కాగితం, తర్వాత దానికన్నా సన్నం, తర్వాత నీళ్లతో రుద్దే వాటర్ పేపరు. నూటిరవై నంబరు, రెండొందల ఇరవై, నాలుగొందలు, చివరికి వెయ్యి. కళ్లకి నున్నగా కనిపించినా చాలదు, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూడాలి. కంటికి కనపడని గుంట చేతికి తెలుస్తుందట. ఆ తర్వాత ప్రైమరు, మళ్లీ రుద్దడం. స్ప్రే చేసేముందు దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లాలి. గన్ను జానెడు దూరంలో ఉండాలి. దగ్గరైతే రంగు కన్నీళ్లలా కారుతుంది, దూరమైతే దారిలోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు పాతకాలపు ఎన్.సి. రంగు వేస్తే తెల్లగా పాలిపోతుంది. ఇప్పటి గట్టి రంగులకైతే, కలిపే హార్డెనరు ఊపిరితిత్తులకి ప్రమాదం. మా తమ్ముడు ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని దిగబోతే, మేస్త్రీ సరైన మాస్కు తెచ్చేదాకా గన్ను ముట్టుకోనివ్వలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. (చూశారా, మళ్లీ ఆ మాటే!)

రెండొందల ఇరవై నంబరు కాగితంతో డిక్కీ మూత రుద్దుతుంటే, మానుకి వలయాలున్నట్టు రంగులు బయటపడ్డాయి. పైన మీగడ రంగు. అది నాన్నగారు 1988లో వేయించింది. దాని కింద బూడిద రంగు. దాని కింద లేత ఆకుపచ్చ. ఆ కింద ఎర్ర ప్రైమరు, తర్వాత ఇనుము. తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అక్కా, ఇదీ దీని అసలు రంగు! కంపెనీలోంచి ఆకుపచ్చగా వచ్చిందన్నమాట. అదే వేద్దాం."

అమ్మ అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఆకుపచ్చ కారు నేనెప్పుడూ ఎక్కలేదురా" అంది, తల ఎత్తకుండానే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాదనలో ఇద్దరికీ బలముంది. తమ్ముడిది పుట్టుక వాదం: ఏది ఎలా పుట్టిందో అదే దాని నిజం, తర్వాత వచ్చినవన్నీ పూతలు. అమ్మది బతుకు వాదం: నాకు తెలిసినదే నాకు నిజం, నేను పుట్టించలేదు కదా! అసలు కంటే వడ్డీ ముద్దు అని మనవల్ని చూసి మురిసే దేశం మనది. ఆ లెక్కన 1967 నాటి ఆకుపచ్చ అసలైతే, ఆ తర్వాత ఏళ్లు చేర్చిన మీగడ రంగు వడ్డీ. నేను అమ్మ పక్షం.

ఇలాంటి తగవు పాతదే. ఏథెన్సు వాళ్లు థీసియస్ ఓడని కాపాడుతూ, పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ పోతే, చివరికి అది ఆ ఓడేనా అని వాళ్ల తాత్వికులు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు దాచి, వాటితో మళ్లీ ఓడ కడితే ఏది అసలు ఓడ? అంతదూరం వెళ్లనక్కర్లేదు, మనకి నాగసేనుడున్నాడు. మిళిందుడనే యవనరాజు ఆయన దగ్గరికి రథం మీద వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగలు రథమా అని బౌద్ధభిక్షువు ఒక్కొక్కటే అడిగితే, కాదు, కాదు అంటూపోయి రాజు ఇరుకున పడ్డాడు. అవన్నీ కలిసినచోట మనం పెట్టుకున్న పేరే రథం అని ఇద్దరూ తేల్చుకున్నారు. ఇది కాలేజీలో చదివినప్పుడు మార్కుల కోసం బట్టీపట్టాను. ఇప్పుడు మా పెరట్లో తలుపులు ఒకచోట, సీటు ఒకచోట, ఇంజను బల్లమీద, హెడ్‌లైట్లు కుంపటి పక్కన పడి ఉంటే, వీటిలో నాన్నగారి కారు ఏదని నన్ను నేనే అడగాల్సి వచ్చింది.

ప్రభుత్వం వారికి మాత్రం నాగసేనుడితో పనిలేదు. 2021లో వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ గౌరవం. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద ఎత్తున మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరు చేయిస్తే నంబరులో 'వి.ఏ.' అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరయినవాటికి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఫియట్‌కి విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఎముక. తుప్పుపట్టిన ఫ్లోరు కోసి మూరెడు కొత్త రేకు వెల్డింగ్ చేస్తే అది చిన్న మరమ్మతా, పెద్ద మార్పా? మూరెడైతే ఫరవాలేదు, బారెడైతే కుదరదు అనే గీత ఎక్కడో ఉండాలి. ఎవరో గుమాస్తా గీస్తాడు. తాత్వికులు గీయలేని గీతని గుమాస్తాలు గీయబట్టే లోకం నడుస్తోంది.

రంగు తగువు కూడా అలాగే తెగింది. కారు కాగితాల్లో రంగు మీగడ అని ఉంది. ఆకుపచ్చ వేస్తే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగి దాన్ని మార్పించాలి. తమ్ముడు అమ్మ మాట మీద గౌరవంతో ఒప్పుకున్నట్టు మొహం పెట్టాడుగానీ, ఆ తిరుగుడు తలుచుకునే ఒప్పుకున్నాడు.

తెగనిది ఇంకోటి ఉంది.

ఎడమవైపు వెనక తలుపుకి అడుగున చేటంత సొట్ట. 1984లో ఒక అర్ధరాత్రి మా అన్నయ్యకి జ్వరం తలకెక్కి ఫిట్సు వస్తే, నాన్నగారు కారు వెనక్కి తీస్తూ గేటు రాతిస్తంభానికి కొట్టారు. ఆగలేదు, వెళ్లిపోయారు. తెల్లవారేసరికి అన్నయ్య లేడు. వాడికి తొమ్మిదేళ్లు. నాకు ఐదు, తమ్ముడు ఉయ్యాల్లో ఉన్నాడు. ఆ రాత్రి గురించి మాకున్నదల్లా ఈ సొట్టే.

మేస్త్రీ అయస్కాంతం అక్కడ పెట్టాడు. అతుక్కుంది. రంగు గీకి చూశాడు. "లప్పం లేదు. సొట్ట మీదే రంగేశారు" అన్నాడు. అంటే 1988లో కారంతా రంగు వేయించినప్పుడు, దీన్ని తియ్యొద్దని నాన్నగారు చెప్పి ఉండాలి. ఏ పెయింటరూ తనంతట తాను సొట్ట వదలడు.

తమ్ముడూ నేనూ ఒక్కమాటే అనుకున్నాం: ఉంచేద్దాం. పాత కట్టడాల సంరక్షణకి 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒప్పందం కూడా, ఏ కాలం చేర్చినదాన్నైనా విలువైనదైతే గౌరవించాలంటుంది. ఆకుపచ్చ విషయంలో పుట్టుక వాదం చేసినవాడే ఇక్కడ "నాన్న గుర్తు" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తీయించెయ్యండి" అంది.

"నాన్నగారు ఉంచారు కదమ్మా?" అన్నాను.

"ఆయన తన్ను తాను శిక్షించుకోవడానికి ఉంచుకున్నారు. కారు ఎక్కేటప్పుడల్లా చూసేవారు. నలభయ్యేళ్లు నేనూ చూశాను. మీకది కథ. మీరు చూసి కథ చెప్పుకుంటారు. నాకు కథ కాదు."

అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. గాయపు గుర్తు చెరపకూడదని గట్టిగా అనేవాళ్లలో ఎక్కువమంది ఆ గాయం తగలని వాళ్లే. చరిత్ర, జ్ఞాపకం, వారసత్వం — మాటలన్నీ మనవి, నొప్పి మరొకరిది. అలాగని నొప్పి పడ్డవాళ్లకే చెరిపే హక్కు పూర్తిగా ఇచ్చేస్తే, రేపు మా పిల్లలకి వాళ్ల పెదనాన్న ఒకడుండేవాడని చెప్పడానికి ఏం మిగులుతుంది? లప్పంతో తుప్పు కప్పడం మోసం. సొట్టని సుత్తితో సరిచెయ్యడం మోసం కాదు, వైద్యం. ఇంతవరకు నాకు తెలుస్తోంది. కానీ నాన్నగారు వద్దన్న వైద్యం, ఆయన లేనప్పుడు చెయ్యొచ్చా? అమ్మ మాట ముందు ఆయన మాట ఎంత? పోయినవాళ్ల ఓటు ఎన్నాళ్లు చెల్లుతుంది? బతికున్న మనిషి రోజూ చూడాల్సిన తలుపది. నేను అమ్మకే ఓటేశాను, తమ్ముడు ఒప్పుకోలేదు, కానీ ఎదురు చెప్పలేదు.

మేస్త్రీ తలుపు ఊడదీసి, వెనక డాలీ ఆనించి, లోపల్నుంచి చిన్న చిన్న దెబ్బలతో గంటన్నరలో తీసేశాడు. లప్పం గోరంత కూడా పెట్టలేదు. "మీరు చెప్పకపోయినా పెట్టనమ్మా" అన్నాడు అమ్మతో. అమ్మ అటు చూడలేదు. "ఆయనకి కాఫీ ఇచ్చారా?" అని అడిగింది.

సుత్తి పడకముందు తమ్ముడు ఆ సొట్టని నాలుగు వైపుల్నుంచీ ఫొటోలు తీశాడు. అవి వాడి ఫోనులో ఉన్నాయి. అమ్మకి చూపించలేదు. నన్నడిగితే చూపించకూడదనే అంటాను. తుడిచెయ్యమని మాత్రం వాడితో అనలేదు.