ఎల్లుండి ఎప్పుడొస్తుంది?

మా అమ్మాయి ఇంగ్లీషు ఎమ్మే చదువుతోంది. ఆమధ్య ఓ రాత్రి భోజనాల దగ్గర, "అమ్మా, ఎల్లుండిని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పు" అంది.

"డే ఆఫ్టర్ టుమారో" అన్నాను ధీమాగా.

"అలా కాదు, ఒక్క మాటలో!"

నేను తెల్లమొహం వేశాను. మావారు పెరుగన్నంలోంచి తలెత్తలేదు.

పూర్వం 'ఓవర్‌మారో' అనేవారట. 1535 నాటి కవర్‌డేల్ బైబిల్లో కూడా ఆ మాట ఉందట. తర్వాత వాడుక తప్పింది.

అందరూ పడుకున్నాక దాని పుస్తకాలు తిరగేశాను. ఓ చోట 'ఐబైట్' అనే పాత మాట ఉంది. అంటే కంటితో చెరపడం. మన దిష్టే! దొరల పిల్లలకీ దిష్టి తగిలేదన్నమాట. 'హస్సీ' అంటే ఇవాళ తిట్టు గానీ, అది పుట్టింది 'హౌస్‌వైఫ్' లోంచే. ఇల్లాలి పేరు నలిగి నలిగి తిట్టయి కూర్చుంది. ఎక్కడైనా మన గతి ఇంతే కాబోలు అనుకున్నాను.

'రూత్' దగ్గర మాత్రం ఆగిపోయాను. రూత్ అంటే జాలి. ఆ మాట ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. జాలి లేనివాణ్ణి 'రూత్‌లెస్' అనడం మాత్రం మానలేదు. మాట పోతే గుణం కూడా పోతుందా? పోదనే అనిపించింది. ఓవర్‌మారో పోయిందని వాళ్ళకి ఎల్లుండి తెల్లవారకుండా ఉందా? జాలికీ వేరే మాటలున్నాయి.

మరి మాట బతికుంటే, అర్థం కూడా బతికున్నట్టేనా?

మర్నాడు పొద్దున్నే మా పనిమనిషి, "అమ్మగారూ, పిల్లాడి ఫీజు కట్టాల. జీతంలో ఓ అయిదొందలు ముందిస్తారా?" అంది.

"ఎల్లుండి చూద్దాంలే" అన్నాను అలవాటుగా.

"మొన్న కూడా ఎల్లుండే అన్నారు గదమ్మా" అని, అంట్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఓ మాట అని ఊరుకునేదాన్ని.

లెక్క చూసుకున్నాను. మొన్న అన్న ఎల్లుండి అంటే ఇవాళే!

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి కూర్పు 1884లో భాగాలుగా రావడం మొదలై, 1928కి పూర్తయింది. అందులో వాడుక తప్పిన మాట పక్కన చిన్న బాకు గుర్తు వేశారు. వేశారే గానీ, ఆ మాటను తీసి పారెయ్యలేదు. చచ్చిపోయిన మాటకు వాళ్ళిచ్చిన మర్యాద అది. రోజూ పలికే మాటకు నేనిచ్చిన మర్యాద ఏపాటిది? తెలుగులో మాట అంటే పదమూ అవును, ఇచ్చిన బాసా అవును. నోట్లో నానుతూనే ఉన్నా, నిలబెట్టుకోకపోతే దానికి బాకు దిగినట్టే.

బీరువా తీసి అయిదొందలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కొంగున ముడేసుకుని మళ్ళీ అంట్ల ముందు కూర్చుంది. నాకే కాస్త ఊపిరాడింది.

మీ ఇంట్లో ఎల్లుండి ఎప్పుడొస్తుందో, మీరూ ఓసారి లెక్క చూసుకోండి.