జీతం తీసుకుంటే సేవ కాదా?



ప్రతి ఏటా ఈ పండుగ రోజుల్లో మన గుడిలో వాలంటీర్లను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం ఆనవాయితీ. తెల్లవారుజామునే వచ్చి పులిహోర కలిపినవాళ్ళు, చలిలో పార్కింగ్ లాట్‌లో నిలబడ్డ పిల్లలు, దండలు గుచ్చిన అమ్మలు, అందరూ ఆ గౌరవానికి తగినవాళ్ళే. ఆ సమయంలో మైకు పట్టుకున్నవారు తప్పకుండా అనే మాట ఒకటుంది: "వీళ్ళు ఒక్క డాలరు కూడా ఆశించకుండా చేశారండీ!" చప్పట్లు మోగుతాయి. మేమూ కొడతాం. అయితే ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. డబ్బు తీసుకోకపోతే సేవ, తీసుకుంటే ఉద్యోగం. సేవ పుణ్యం, ఉద్యోగం పొట్టకూటి పని. ఈ లెక్క సరైనదేనా అని మీతో కలిసి ఆలోచించాలని మా కోరిక. ఎందుకంటే మా ఇల్లు ఇరవై ఏళ్ళకు పైగా జీతం తీసుకుని పనిచేసేవాళ్ళ చేతుల మీదే నడుస్తోంది.

మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. రెండున్నరేళ్ళ వయసులో ఆటిజం అని చెప్పారు. అప్పట్లో మన తెలుగువాళ్ళలో ఆ మాట తెలిసినవాళ్ళే తక్కువ. ఈ దేశపు సీడీసీ సంస్థ ఎనిమిదేళ్ళ పిల్లల్లో తీసిన లెక్కల ప్రకారం 2000 సంవత్సరంలో దాదాపు 150 మందిలో ఒకరికి ఆటిజం ఉంటే, 2022 నాటికి 31 మందిలో ఒకరు. గుర్తించే పద్ధతులు మెరుగుపడటం ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం. కాబట్టి పండుగనాడు మన హాలు నిండితే, ఈ వ్యాసం ఎవరి గురించో కాదని మీకే తెలుస్తుంది.

"పూర్వజన్మ కర్మ" అనేవారు మన పెద్దల్లో ఇప్పటికీ ఉన్నారు. వారి మీద మాకు కోపం లేదు. చదువుకున్న అమెరికా కూడా ఒకప్పుడు ఇంతకంటే మేలుగా మాట్లాడలేదు. 1950లు, 60లలో పేరున్న వైద్యులు, మనస్తత్వవేత్తలు తల్లిలో ప్రేమ లేకపోవడం వల్లే ఆటిజం వస్తుందన్నారు. అలాంటి తల్లులకు "రిఫ్రిజిరేటర్ మదర్" అని పేరు కూడా పెట్టారు. ఆ వాదాన్ని కాదని 1964లో పుస్తకం రాసిన బెర్నార్డ్ రిమ్లాండ్ స్వయంగా మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న బాబుకు తండ్రి కూడా. నేరం ఎవరిదో వెదికే అలవాటు ఏ దేశానికీ కొత్త కాదు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. మా ప్రశ్న నేరం గురించి కాదు, రోజూ పొద్దున్న ఏడు గంటలకు తలుపు తట్టేవాళ్ళ గురించి.

చిన్నప్పుడు స్పీచ్ థెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, స్కూల్లో స్పెషల్ టీచర్లు, వాళ్ళ పక్కన సహాయకులు ఉండేవారు. ఇదంతా 1975లో వచ్చిన చట్టం పుణ్యం. అంతకు ముందు ఇటువంటి పిల్లల్ని బడిలో చేర్చుకోమని మొహం మీదే చెప్పేవారట. కానీ ఆ హక్కు చాలా రాష్ట్రాల్లో ఇరవై రెండో పుట్టినరోజుతో ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి బడి బస్సు రాదు. తరవాత దొరికేది మెడికెయిడ్ వెయివర్. 1981 చట్టంతో మొదలైన ఈ ఏర్పాటు బడిలా హక్కు కాదు, వరస ఉంటుంది. దేశం మొత్తం మీద ఆ వరసలో లక్షల మంది ఉన్నారు. ఉద్యోగం కోసం రాష్ట్రం మారితే కొత్త రాష్ట్రంలో వరస మళ్ళీ మొదటినుంచి. మనలాంటి ఊళ్ళు మారే కుటుంబాలు ఈ ఒక్క సంగతి ముందుగా తెలుసుకోవాలి. ఆ వరస దాటి వచ్చాక ఇంటికి వచ్చే మనిషిని ఇక్కడ "డైరెక్ట్ సపోర్ట్ ప్రొఫెషనల్" అంటారు.

తెలుగులో ఆ పనికి పేరు లేదు. ఆయా అందామా? నర్సు కాదు, టీచరూ కాదు. రెండేళ్ళ క్రితం ఉగాదికి మా అబ్బాయితో కలిసి గుడికి వచ్చిన ఆవిడను చూసి ఒకరు మమ్మల్ని చిన్నగా అడిగారు, "పనిమనిషాండీ?" అని. అడిగినవారు చెడ్డవారు కారు. మన భాష వారికి ఇచ్చిన మాట అదొక్కటే. ఒంటిని శుభ్రం చేసే పని, ఎంగిలి తీసే పని చేసేవాళ్ళను మన సమాజం తరతరాలుగా ఎక్కడ నిలబెట్టిందో మనందరికీ తెలుసు. సముద్రం దాటి వచ్చినా ఆ చూపు మన సామానులోనే వచ్చింది.

ఇంతకీ ఆవిడ చేసే పని ఏమిటో చూడండి. ఆవిడ గానా దేశం నుంచి వచ్చారు, మనలాగే ఒక ఊరు వదిలి వచ్చిన మనిషి. పొద్దున్న మా అబ్బాయి గదిలో గోడకు బొమ్మల వరస ఉంటుంది: బ్రష్షు, స్నానం, చొక్కా, టిఫిను. ఆవిడ ఆ బొమ్మను వేలితో చూపించి ఆగుతారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి వాడికి ఒక్కో రోజు పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో తల్లికి తెలుసు. మన ఇళ్ళల్లో ప్రేమంటే చేసిపెట్టడం. పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టడం, బొత్తాలు మనమే పెట్టేసి ముద్దు పెట్టుకుని పంపడం. ఆవిడ ప్రేమ ఉందో లేదో మాకు తెలియదు గానీ, ఆవిడకు ఆగడం తెలుసు. ఆగడం చదువుకుని, చేసి చేసి వచ్చిన విద్య. ఎప్పుడు వేలు అందించాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఇంకాసేపట్లో వాడికి గాభరా వస్తుందని వాడి చెవులు ఎర్రబడటం చూసి ఎలా పసిగట్టాలి, ఇవన్నీ ఆ విద్యలో భాగాలు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళ వాడు తన చొక్కా తనే వేసుకుంటున్నాడు. మా తరవాత కూడా వేసుకుంటాడు.

వాడు మాట్లాడడు. టాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే అది మాట్లాడుతుంది. ఒక శనివారం గుడికి బయలుదేరాం, పట్టు చొక్కా కూడా వేసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి "నో" నొక్కాడు. గుడికి తీసుకువెళ్ళడం తల్లిదండ్రులుగా మా ధర్మం. వాడు చెప్పిన మాటకు విలువ ఇవ్వడం ఆవిడ వృత్తి ధర్మం. రెండూ గుమ్మంలో ఎదురుపడ్డాయి. ఆవిడ అన్నది ఒకటే: "చెప్పాడు కదా, కాసేపు ఆగుదాం." ఆ రోజు పావుగంట తరవాత వాడే చెప్పులు వేసుకున్నాడు. ఇంకో వారం ఎంతసేపు ఆగినా వేసుకోలేదు, ఎవరం వెళ్ళలేదు. సహాయం చేసే చేతిలో అధికారం కూడా ఉంటుంది. ఆ అధికారాన్ని తెలిసి వాడకుండా ఉండటం కంటే పెద్ద నిగ్రహం మాకు ఎక్కడా కనపడలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత చేసే మనిషి నెలాఖరుకు జీతం తీసుకుంటారు. అందుకని ఆ పని విలువ తగ్గుతుందా?

మహాభారతంలో ధర్మవ్యాధుడి కథ అందరికీ తెలిసిందే. కౌశికుడనే బ్రాహ్మణుడు తపస్సు చేసి, కోపంతో చూసి కొంగను కాల్చేసి, భిక్షకు ఒక ఇంటికి వెళ్తే ఆ ఇల్లాలు భర్త సేవలో ఉండి ఆయన్ని ఆగమంటుంది. ఆవిడే మిథిలకు వెళ్ళి ధర్మవ్యాధుణ్ణి చూడమంటుంది. ఆయన అక్కడ మాంసం అమ్ముకునే మనిషి. ఊరికే పంచిపెట్టేవాడు కాదు, ధర తీసుకుని అమ్మేవాడు. ఆ అంగడి నుంచే లేచి వచ్చి వేదం చదివినవాడికి ధర్మం బోధిస్తాడు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులకు తాను చేసే సేవ చూపిస్తాడు. ధర తీసుకున్నాడని వ్యాసుడు ఆయనకు మార్కులు తగ్గించలేదు. గీతలో చెప్పిన నిష్కామ కర్మను మనం చాలాసార్లు "ఉచిత కర్మ" అని చదువుకుంటున్నామేమో అని మా అనుమానం. ఫలం మీద మమకారం వదలమన్నారు గానీ, ఇంటద్దె కట్టవద్దని ఎవరూ అనలేదు. డెట్రాయిట్‌లోనో డాలస్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని మనం నెలజీతం తీసుకునేటప్పుడు ఈ సందేహం మనకు రాదు. ఒంటిని, మనసును చూసుకునే పనికి మాత్రమే వస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. "ఇది డబ్బు కోసం చేసే పని కాదండీ, గొప్ప మనసుండాలి" అని మనం పొగుడుతాం. ఆ పొగడ్తే జీతం పెరగకుండా అడ్డుపడుతుంది. ఇళ్ళలో సంరక్షణ పని చేసేవారి మధ్యస్థ వేతనం కార్మిక శాఖ 2024 లెక్కల్లో గంటకు 17 డాలర్లకు లోపే. ఈ సేవలకు ఎంత చెల్లించాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. కాబట్టి ఏజెన్సీ వారు కాఫీ షాపులాగా ధర పెంచి జీతం పెంచలేరు. పక్కనే గోదాములో పెట్టెలు సర్దితే ఇంతకంటే ఎక్కువ వస్తుంది. అందుకే ఈ వృత్తిలో ఏడాదికి నూటికి నలభై మంది చుట్టుపక్కల మానేస్తున్నారు.

గానా నుంచి వచ్చిన ఆవిడ కూడా నిరుడు వేసవిలో మానేశారు. గంటకు మూడు డాలర్లు ఎక్కువ, ఇద్దరు పిల్లలు, పైగా ఆరోగ్య బీమా. మేమే ఆవిడ స్థానంలో ఉంటే అదే చేసేవాళ్ళం. కానీ మా అబ్బాయికి ఆ లెక్క ఎలా చెప్పాలి? మూడు వారాల పాటు పొద్దున్న ఏడు గంటలకు కిటికీ దగ్గర నిలబడ్డాడు. టాబ్లెట్‌లో ఆవిడ ఫోటో ఉన్న బొమ్మ నొక్కేవాడు, అది ఆవిడ పేరు పలికేది. ఆ బొమ్మను మేం తీసెయ్యలేదు. ఆవిడ పుట్టినరోజుకు ఫోన్ చేస్తారు, వాడు తెర మీద వేలు పెట్టి ఊరుకుంటాడు.

ప్రేమను జీతానికి అడగవచ్చునా అంటే, అడగకూడదని మా అభిప్రాయం. ప్రేమ వస్తే దైవానుగ్రహం, రాకపోతే లోటు కాదు. జీతానికి అడగదగినవి నైపుణ్యం, ఓపిక, నిజాయితీ, వాడి "నో"కు గౌరవం. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అనే సంస్థ ఉండేది. అక్కడ వేలమంది మానసిక వికలాంగులను కుక్కి ఉంచిన తీరు 1972లో జెరాల్డో రివేరా అనే విలేకరి టీవీలో చూపిస్తే దేశం నివ్వెరపోయింది. చివరకు 1987లో దాన్ని మూసేశారు. ఆ విలేకరిని లోపలికి తీసుకువెళ్ళింది అక్కడే పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఒక యువ వైద్యుడు. అక్కడి సహాయకుల్లో ప్రేమ ఉన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఒక్కొక్కరికి పదుల మందిని అప్పగిస్తే ఆ ప్రేమ ఏం చేస్తుంది? మనుషులు చాలినంత మంది ఉండాలి, వాళ్ళకు సమయం ఉండాలి, తప్పు చూసినప్పుడు నోరు విప్పే ధైర్యం ఉండాలి. వీటన్నిటికీ డబ్బు అవుతుంది.

"ఇండియాకు వచ్చెయ్యండి, ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవచ్చు" అని బంధువులు ప్రేమతోనే అంటారు. మనిషి దొరకడం వేరు, నేర్చుకున్న మనిషి దొరకడం వేరు. ఆ నేర్పు మన దగ్గర లేదనీ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లోనే మొదలైంది. దాని పేరు తరవాత మారింది గానీ, నలభై ఏళ్ళుగా అక్కడ స్పెషల్ టీచర్లు తయారవుతూనే ఉన్నారు. అక్కడైనా ఇక్కడైనా వాళ్ళను చవకగా దొరికే చేతులుగా చూస్తే మంచి చేతులు నిలవవు.

మహర్నవమినాడు ఆయుధపూజకు మనం కార్లకు నిమ్మకాయలు కడతాం, లాప్‌టాప్‌కు బొట్టు పెడతాం. ఈసారి మా అబ్బాయి టాబ్లెట్, ఆ బొమ్మల వరస కూడా పూజలో పెడుతున్నాం. కమిటీ వారిని రెండు విషయాలు కోరాం, ఒప్పుకున్నారు. హారతి సమయంలో గంటల మోత భరించలేని పిల్లలకు పక్క తరగతి గది తెరిచి ఉంచుతారు. వాలంటీర్ల సన్మానంనాడు ఇలాంటి సహాయకులను కూడా పేరుపేరునా పిలుస్తారు. మీ ఇళ్ళకు వచ్చేవారి పేర్లు ముందుగా ఇవ్వండి, పలకడం సరిగ్గా నేర్చుకుని పిలుద్దాం.

మా ఇంటికి ఇప్పుడు ఒక కుర్రాడు వస్తున్నాడు, ఆరు వారాలైంది. మా అబ్బాయి ఇంకా అతని బొమ్మ నొక్కడం లేదు. నవమినాడు ఇద్దరూ కలిసి వస్తారు. మా అబ్బాయికి ప్రసాదం చేతిలో పెట్టే ముందు ఆ కుర్రాణ్ణి అడగండి. అన్నదానం దగ్గర అతనికీ ఒక విస్తరి వెయ్యండి. అతను తినేసరికి అరగంట పట్టినా ఫరవాలేదు, అంతసేపూ అబ్బాయిని మేం చూసుకుంటాం.