ఒకే వరస, రెండు జోలలు

భక్తి ఉండేది మాటలోనా, స్వరంలోనా? జర్మన్ స్వరకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్ జీవితం ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది.

1685లో ఐసెనాఖ్‌లో పుట్టిన బాఖ్, పదేళ్లు నిండకుండానే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా లైప్జిగ్ చర్చిల సంగీత బాధ్యత మోశాడు. ఎన్నో రచనల చివర, మహిమ దేవుడొక్కడికేనని లాటిన్ పొడి అక్షరాల్లో రాసుకున్న లూథరన్ విశ్వాసి ఆయన.

అంతటి విశ్వాసి 1733లో సాక్సనీ యువరాజు పుట్టినరోజుకు గ్రీకు వీరుడు హెర్క్యులిస్ కథతో ఒక కాంటాటా (వాద్యాలతో పాడే గానరచన) కట్టాడు. అందులో భోగలాలస ఒక పాత్రగా వచ్చి, వీరుణ్ణి దారి తప్పించడానికి జోల పాడుతుంది. మరుసటి ఏడాది ఆయన భక్తిరచన ‘క్రిస్మస్ ఒరటోరియో’లో అదే వరస బాల యేసుకు జోలపాట అయింది! మాటలు మారాయి, శ్రుతి కిందికి దిగింది, హెచ్చు స్థాయి సొప్రానో చోట తగ్గు స్థాయి ఆల్టో గొంతు వచ్చింది. వరస మాత్రం అదే.

ఇది అపచారమా?

కానే కాదు. సంగీతాన్ని దేవుడిచ్చిన వరంగా చూసిన మతసంస్కర్త లూథర్ బాటలో పెరిగిన మనిషికి, స్వరం పుట్టుకతోనే పవిత్రమూ కాదు, అపవిత్రమూ కాదు. పైగా కొలువుకు రాసినా కోవెలకు రాసినా బాఖ్ పనితనంలో తేడా లేదు. ఆయన భక్తికి అసలు రుజువు అదే. అనుమానమున్నవారు ఆ రెండు జోలలనూ వెంటవెంటనే విని చూడండి.