బాల్యం అంతటా ఒక్కటేనా?

బాల్యం ప్రకృతి ఇచ్చేదా, సమాజం మలిచేదా అన్న ప్రశ్న మానవశాస్త్రంలో దాదాపు వందేళ్లుగా నలుగుతోంది. అమెరికన్ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ ఈ ప్రశ్నతోనే 1925లో సమోవా దీవులకు వెళ్లారు. ఎదిగే వయసులోని అలజడి అన్ని సమాజాల్లోనూ ఒకేలా ఉండదని, పెంపకాన్ని బట్టి మారుతుందని 1928లో వెలువడిన గ్రంథంలో వాదించారు. ఆ తర్వాత న్యూగినీ, బాలి పిల్లలనూ పరిశీలించారు. 1983లో డెరిక్ ఫ్రీమన్ ఆమె సమోవా నిర్ధారణలను తీవ్రంగా ఖండించారు. అయినా ఆమె లేవనెత్తిన ప్రశ్న నిలిచే ఉంది.

1950లలో జాన్, బియాట్రిస్ వైటింగ్ దంపతుల ఆధ్వర్యంలో ఆరు సమాజాల పిల్లలపై పరిశోధన సాగింది. వాటిలో ఉత్తరప్రదేశ్‌లోని ఖలాపూర్ ఒకటి. తల్లికి పనిభారం ఎక్కువై, పిల్లలు ఇంటిపని అందుకుని తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునే చోట ఇతరులను ఆదుకునే గుణం ఎక్కువగా కనిపించింది. అంటే పిల్లలు పని చేయడం వల్ల అన్నివేళలా నష్టమే జరుగుతుందని చెప్పలేం.

తెలుగు నేలపై ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరించింది. దానికి ఎంచుకున్న జిల్లాల్లో ఉమ్మడి కరీంనగర్ ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పట్లో ఆ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్యనే పిల్లలు పెరుగుతారు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఎందరో తల్లులు ఇంటి వద్దే బీడీలు చుడతారు. ఎందరో తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. ఇలాంటి ఇళ్లలో కండెలు చుట్టడం, తునికాకు కత్తిరించడం చూస్తూ చూస్తూనే చేతికి వస్తాయి. బీడీల తయారీలో పిల్లలను పెట్టుకోరాదని 1986 నాటి బాలకార్మిక చట్టం నిషేధించినా, కుటుంబ సభ్యుల సాయంతో నడిచే పనికి మినహాయింపు ఇచ్చింది. 2016 సవరణ ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో మాత్రమే, అదీ బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో, పిల్లలు సాయపడవచ్చని చెప్పింది. తంబాకు ధూళి పీల్చే బిడ్డకు అది సొంత ఇల్లయినంత మాత్రాన హాని తగ్గదు.

ఈ ప్రాంతపు ఆచారాలు బిడ్డను తల్లిదండ్రులకు మించినదానికీ ముడిపెడతాయి. తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుక బిడ్డను బంధువులందరికీ అప్పగిస్తుంది. వేములవాడ రాజన్నకు పుట్టు వెంట్రుకలు ఇవ్వడంలో బిడ్డ దేవుని దయ అన్న ఎరుక ఉంది.

నేతవృత్తికి చెందిన పద్మశాలీలు తమ మూలపురుషునిగా కొలిచే మార్కండేయుని కథ ఈ భావాన్ని మరింత లోతుకు తీసుకెళ్తుంది. చిరాయువైన మందమతి కావాలా, అల్పాయువైన గుణవంతుడు కావాలా అని శివుడు అడిగినప్పుడు మార్కండేయుని తండ్రి మృకండుడు గుణవంతుణ్ని కోరుకున్నాడు. ఆ ఎంపిక ఫలితంగా బిడ్డకు పదహారేళ్ల ఆయుష్షే దక్కింది. గడువు ముగిసే వేళ మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకుని తన భక్తితోనే మృత్యువును దాటాడు. తండ్రి నిర్ణయం అతని పుట్టుకను శాసించింది కానీ, అతని జీవితానికి హద్దు గీయలేకపోయింది. బిడ్డ ఎవరి కోరికకూ పనిముట్టు కాదన్న తాత్పర్యం ఈ కథలో ఉంది.

మానవశాస్త్రం, ఈ పురాణం కలిసి ఒక కొలబద్దను ఇస్తాయి. బాల్యం సమాజాన్ని బట్టి మారుతుంది కనుక ఒక ప్రాంతపు పెంపకంతో మరో ప్రాంతాన్ని తూచి తక్కువ చేయడం తగదు. అయితే ఆచారం పేరు చెప్పి బిడ్డ ఆరోగ్యాన్ని, చదువును, రేపటి ఎంపికను హరించడానికి ఏ సమాజానికీ హక్కు లేదు. పిల్లలకు పని నేర్పడం పెంపకంలో భాగమే. వారి సంపాదన మీద ఇల్లు గడవాల్సి వస్తే ఆ లోటు పూడ్చవలసింది పెద్దలు, ప్రభుత్వం.