నాలుగు వస్తువుల గది

(ధ్యానమునకు: 2 రాజులు 4:8–10, యిర్మీయా 29:4–7, యెహోషువ 4:1–7)



షూనేమను ఊరిలో కలిగిన యింటి యిల్లాలు ఒకతె ఉండెను. దారిని పోవు దైవజనుడైన ఎలీషాకు అన్నము పెట్టుటతో ఆమె తృప్తిపడలేదు. భర్తతో ఆలోచించి, మేడమీద అతనికొక చిన్న గది సిద్ధపరచెను. అందులో ఆమె ఉంచినవి నాలుగే వస్తువులు: పండుకొనుటకు మంచము, పని చేసికొనుటకు బల్ల, కూర్చుండుటకు పీట, చీకటికి దీపము. సొలొమోను దంతపు సింహాసనమును గూర్చి వ్రాయించిన దేవుడు, ఈ నాలుగు సామాన్యమైన వస్తువులను కూడ లెక్కపెట్టి వ్రాయించెను. ఒక ఇల్లాలు గది సర్దిన సంగతి ఆయన దృష్టికి చిన్నది కాలేదు.

అయితే ఆమె కలిగినది. కష్టకాలములో ఉన్నవారి మాట యేమి? తిండికి వెదకులాడుకొనునప్పుడు గోడకు సున్నము వేసికొనుట, కొత్త కుండ చూచి మురియుట, వాకిలి దిద్దుకొనుట విశ్వాసికి తగునా? అది లోకాశ యగునా, లేక దేవుని యెదుట కృతజ్ఞత యగునా? ఈ ప్రశ్న మాకు పుస్తకములోనుండి రాలేదు. గోదావరిలోనుండి వచ్చినది.

2022వ సంవత్సరము జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు వచ్చెను. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇచ్చెదరు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన వరద తరువాత అంతటి నీటిని మన పెద్దలు చూడలేదు. జనులు పిల్లలను చంకనెత్తుకొని, దొరికిన మూట పట్టుకొని, మెరక ప్రాంతములకు పోయిరి. నీళ్లు తీసిన తరువాత వచ్చి చూడగా మట్టి గోడలు కూలి కుప్పలై యుండెను. ఇటుక గోడలు నిలిచెను గాని వాటి మీద నిలువెత్తున ఒక గీత పడియుండెను. గీత క్రింద అంతయు బురద రంగు. ఇంటిలో మోకాలి లోతు ఒండ్రు.

మా సంఘములో ఒక వృద్ధురాలు, తన మనవరాలితో చిన్న పెంకుటింటిలో కాపురముండునది. ప్రభుత్వము వరద బాధిత కుటుంబమునకు పదివేల రూపాయల చొప్పున తక్షణ సహాయము ప్రకటించెను. బియ్యము కూడ ఇచ్చెను. ఆ తల్లి తన చేతికి సొమ్ము అందిన వారములోనే సున్నము, ఎర్రమన్ను, రెండు కొత్త కుండలు కొనెను. ఈ మాట ఊరంతయు తిరిగెను. సాయము సొమ్మును గోడలకు పూసినదని కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. సంఘపు పెద్దలు మాతో చెప్పిరి. మేమును ఆలోచింపక ఆమె వాకిట నిలువబడి, ఇది సున్నము వేసికొను కాలమా అని గద్దించితిమి.

ఆమె చేతిలోని కుంచె క్రింద పెట్టి, తల మీద కొంగు సరిచేసికొని ఇట్లనెను: "తప్పయితే మన్నించుండి అయ్యగారూ. ఈ పిల్ల రాత్రిళ్లు లేచి గోడ మీద ఆ గీత చూసి, ఇంకా నీళ్లున్నయి నానమ్మా అని ఏడుస్తంది. ఎంత చెప్పినా నమ్మదు. తెల్లారి లేచేసరికి గోడ తెల్లగ కనబడితే, నీళ్లు పోయినయని నమ్ముతది గదా."

మాకు మాట రాలేదు. మేము వేదశాలలో దుఃఖపడువారిని ఓదార్చు విధమును గూర్చి పాఠములు చదివితిమి. ఆ బిడ్డకు ఏది ఓదార్పో ఆ చదువురాని నానమ్మకు తెలిసినది, మాకు తెలియలేదు. ఆ దినము మేము ఇంటికి వచ్చి మరల లేఖనములు తెరచితిమి.

మొదట మాకు మా గద్దింపునకు సాక్ష్యముగా నిలుచు వచనములే కనబడెను. మందిరము పాడుగా నుండగా తమ ఇండ్లకు పలకలు కొట్టించుకొన్న వారిని హగ్గయి ప్రవక్త నిలదీసెను. కొట్లు విప్పి పెద్దవి కట్టుకొనదలచిన ధనవంతుని ప్రభువు వెఱ్ఱివాడనెను. చిమ్మెట కొట్టు ధనమును నమ్మవద్దని కొండ మీద బోధించెను. ఇవి సత్యములు, వీటిని తేలిక చేయరాదు.

అయినను వేదము అంతటితో ఆగలేదు. బబులోనుకు చెరపోయిన వారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము చూడుడి. వారు సమస్తము పోగొట్టుకొన్నవారు, పరదేశములో ఉన్నవారు. ఏడ్చుచు మూటలు కట్టుకొనియే కూర్చుండుడని దేవుడు వారికి చెప్పలేదు. ఇండ్లు కట్టుకొని కాపురముండుమనెను. తోటలు నాటి వాటి ఫలము తినుమనెను. చెర డెబ్బది సంవత్సరములని చెప్పిన దేవుడే ఆ మాటయు చెప్పెను. కష్టము తీరిన తరువాత బ్రదుకుదమని కూర్చుండువాడు కష్టమునకే తన దినములన్నియు అప్పగించినవాడగును.

అపొస్తలుడైన పౌలును చూడుడి. చెరసాలలో మరణమునకు ఎదురుచూచుచు తిమోతికి ఉత్తరము వ్రాసెను. పరలోక కిరీటమును గూర్చి వ్రాసిన ఆ చేతితోనే, త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన తన అంగీని, పుస్తకములను తెమ్మని వ్రాసెను. చలికాలము రాకముందే రమ్మనెను. పాత అంగీ మీద ఆశ పరలోకపు ఆశను చెరపలేదు. తిరిగి లేచిన మన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున ఏమి చేసెను? రాత్రియంతయు శ్రమపడి వచ్చిన శిష్యులకు మొదట ప్రసంగము చేయలేదు. బొగ్గుల నిప్పు చేసి, చేపలును రొట్టెయు సిద్ధపరచెను. మరణమును జయించిన చేతులు పొయ్యి రాజవేసినవి. కనుక పొయ్యి దగ్గర కలుగు సంతోషమును అపవిత్రమని చెప్పుటకు మనమెవరము?

అయితే గొప్ప కొరకు చేసికొను అలంకారమునకును, ప్రేమ కొరకు చేయు అలంకారమునకును భేదమెట్లు తెలియును? మన ఇండ్లలోని మట్టి కుండయే దీనిని నేర్పును. కుండలోని నీరు సన్నని రంధ్రముల గుండ ఊరి పైకి చెమర్చును. ఆ చెమ్మ గాలికి ఆరుచు లోపలి వేడిమిని తీసికొనిపోవును. అందుచేత నీరు చల్లబడును. పైకి మెరుగు పూసి ఆ రంధ్రములన్నియు మూసివేసిన కుండ కంటికి అందముగా ఉండవచ్చును గాని, ఎండన పడి వచ్చినవాని దాహమునకు చల్లని నీరు ఇయ్యదు. ఇల్లును అట్టిదే. తనలోనిది కొంత బయటికి ఊరనిచ్చు ఇల్లు చల్లని ఇల్లు. అన్నియు తనకే మూసికొన్న ఇల్లు ఎంత మెరిసినను దారిన పోవువానికి దానివలన మేలు లేదు.

కాబట్టి ఇల్లు దిద్దుకొనునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందము.

మొదటిది, ఇది ఎవరి కొరకు? షూనేమీయురాలు గది సర్దినది దారిని పోవు అతిథి కొరకు. మా సంఘపు తల్లి సున్నము వేసినది భయపడు బిడ్డ కొరకు. పొరుగువాని గోడ కంటె మన గోడ మెరియవలెనని వేసిన సున్నము వాన రాకముందే వెలిసిపోవును.

రెండవది, ఇది ఎవరి సొమ్ము? యిర్మీయా 22వ అధ్యాయములో ఒక రాజు తన నగరికి ఇంగిలీకపు రంగు వేయించెను. దేవుడు రంగును చూచి కోపించలేదు. కూలివాని కూలి ఎగగొట్టి కట్టినందుకు కోపించెను. మన ప్రాంతములో మిరప, పత్తి పంటల మీద అప్పు చేసి, ఆ అప్పులోనుండియే క్రిస్మసుకు రంగులు, కొత్త సామానులు తెచ్చుకొను వారున్నారు. పండుగ నక్షత్రము ఒక నెల వ్రేలాడును, వడ్డీ ఏడాది పొడుగునను వ్రేలాడును. అప్పు లేని సున్నపు గోడ అప్పుతో వేసిన రంగు గోడకంటె మేలు.

మూడవది, పిలుపు వచ్చినప్పుడు దీనిని వదలి పోగలమా? మిద్దె మీదనున్నవాడు సామానుల కొరకు క్రిందికి దిగరాదని ప్రభువు హెచ్చరించెను. నీళ్లు వచ్చుచున్నవని దండోరా వేసినప్పుడు బీరువా కొరకు ఆగువాడు ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు. ప్రేమించుడి, కాని గుప్పిట బిగించకుడి. అబ్రాహాము గుడారములలోనే కాపురముండెను, అయినను ఆ గుడారములో ముగ్గురు అతిథులకు రొట్టెలు కాల్పించెను.

పేదలకు అందము తగదనువారు దోర్నకలు పోయి చూడవలెను. 1912లో దోర్నకలు మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు అక్కడ కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. మన దేశపు మండపముల వంటి స్తంభములు, మసీదుల వంటి గుమ్మటములు కలిపి దానిని కట్టిరి. ఆ మండలములో విశ్వాసులు ఎక్కువమంది కూలిచేసికొని బ్రదుకు పల్లెవాసులు. మన తల్లులు తరతరములుగా వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువు పేర వేరుగా తీసిపెట్టుచు వచ్చిరి. పేదవారి పిడికెడు బియ్యమును దేవుడు చిన్నచూపు చూడడు. అందము కోరు వారి హృదయమును కూడ ఆయన చిన్నచూపు చూడడు.

ఆ వృద్ధురాలి సంగతి ఇంకను కొంత చెప్పవలెను. నెల గడచిన తరువాత మేము మరల ఆ యింటికి, ఈసారి క్షమాపణ అడుగుటకు పోతిమి. గోడలు తెల్లగా ఉండెను. అడుగున జానెడు ఎత్తున ఎర్రమన్ను పట్టె వేసి, నేల పేడతో అలికియుండెను. గూటిలో దీపము ఉండెను. ఆమె కొన్న రెండు కుండలలో ఒకటి మంచినీళ్లకు, రెండవది పిడికెడు బియ్యమునకు. సాయముగా వచ్చిన బియ్యములోనుండియే ఆమె పిడికెడు తీసిపెట్టుచుండెను! సొమ్ము వృథా చేసినదని మేము ఎవరిని నిందించితిమో, ఆమె మా సంఘమునకు కానుక కూడబెట్టుచుండెను.

ఇంటి వెనుక గోడ మీద మాత్రము అరచేతి వెడల్పున సున్నము వేయక విడిచియుండెను. అక్కడ గోదావరి గీత అట్లే ఉండెను. ఎందుకమ్మా విడిచితివని అడిగితిమి. "పిల్ల పెద్దదయినంక చూపియ్యాల అయ్యగారూ. ఎంత ఎత్తు నీళ్లు వచ్చినయో, ఎవరు గట్టెక్కించిండో చెప్పాల గదా" అనెను. యొర్దాను నడుమనుండి యెహోషువ ఎత్తించిన పన్నెండు రాళ్లు మాకు జ్ఞాపకమునకు వచ్చెను. పిల్లలు అడిగినప్పుడు చెప్పుటకే ఆ రాళ్లు నిలువబెట్టబడినవి. కష్టమును మరచుటకు ఇల్లు దిద్దుకొనుట వేరు. కష్టమును దాని చోట ఉంచి, మిగిలిన గోడను వెలుగునకు అప్పగించుట వేరు. విశ్వాసి చేయదగినది ఈ రెండవది.

ఒక హెచ్చరిక కూడ చేయుచున్నాము. దుఃఖములోనున్న వాని యొద్దకు పోయి, నీకున్న వస్తువులలోనే సంతోషించుమని బోధించుట సులభము. కూలిన గోడ ముందు నిలుచున్నవానికి ఆ మాట రాయి వంటిది. పోలవరము ఆనకట్ట నిమిత్తము తరతరముల వాకిళ్లు విడిచి కాలనీలకు పోయినవారు మన బంధువులలోను, మన పొరుగు కోయ సోదరులలోను అనేకులున్నారు. కొత్త ఇల్లు గట్టిదైనను, పాత ఇంటి చింతచెట్టు నీడ అక్కడికి రాదు. వారికి ప్రసంగము చేయకుడి. ఒక కుండ తీసికొని పొండి, ఒక చాప తీసికొని పొండి, వారి గోడకు సున్నము వేయుటకు ఒక పూట చేయి సాయము చేయుడి. తలవాల్చుకొనుటకు చోటులేనివాడై తిరిగిన మన ప్రభువు, ఇల్లు విడిచినవారి బాధను మనకంటె ఎక్కువగా ఎరుగును.

కాబట్టి ఈ మాసములో ప్రతి కుటుంబము ఒక సాయంకాలము దీపము వెలిగించి, మన యింటనున్న నాలుగు వస్తువులను పేరుపెట్టి తలంచి దేవునికి స్తోత్రము చెప్పుదము. నులకమంచము కావచ్చును, తిరగలి కావచ్చును, చేట కావచ్చును, నానమ్మ దాచిన ఆనపకాయ బుర్ర కావచ్చును. తరువాత ఈ నాలుగింటిలో ఒకటియైనను లేని యిల్లు మన ఊరిలో ఏదని వెదకుదము. స్తోత్రము అక్కడికి నడిచి పోవలెను.

షూనేము గదిలో మంచము, బల్ల, పీట, దీపము ఉంచిన చేతులను జ్ఞాపకముంచుకొన్న దేవుడు, వరద నీటి గీత మీద సున్నము వేసిన చేతులను కూడ జ్ఞాపకముంచుకొనును. ఆయన సమాధానము మీ గోడల మధ్య కాపురముండును గాక. ఆమేన్.