మాదిరాజు హృదయము

వీరశైవ గృహములలో బసవపురాణ పఠనము జరుగునపుడు ఉపనయన ఘట్టము వచ్చుసరికి వినువారందఱును బాలబసవని పక్షమే వహింతురు. బాగెవాడిలో మాదిరాజు కుమారునకు వడుగు సేయ సంకల్పించుట, శివభక్తునకు ఆ కర్మముతో పనిలేదని బసవడు ప్రతిఘటించుట, తుదకు సోదరి నాగాంబతో ఇల్లు వెడలి సంగమేశ్వరమునకు ఏగుట, పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదగా చెప్పిన ఈ కథ తెలియని వీరశైవులు అరుదు. ఆ తండ్రి హృదయమును గూర్చి తలంచువారు అంతకన్నను అరుదు.

మాదాంబ నందికేశ్వరుని నోము నోచి కన్న బిడ్డడాతడు. అట్టి యింటి పెద్దను శివద్వేషి యనరాదు. తన తండ్రి తనకు చేసినది తాను కుమారునకు చేయకున్న లోకమేమనునో యను భయము, బిడ్డ వెలియగునేమో యను వేదన ఆయనకు లేకుండునా? ఆ వేదన కుమారునకు ఆజ్ఞగానే వినబడియుండును. పురాణము కుమారుని వెంటనే సాగిపోవును. తండ్రి ఇంటనే నిలిచిపోవును.

ఇందొక విపరీతము కలదు. బసవేశ్వరుని పటమునకు నిత్యము పూలమాల వేయు గృహస్థుడే తన కుమారుడు ఎదురుప్రశ్న వేసినంతనే మాదిరాజగుచున్నాడు. పట్టణమున హాస్టలులో చదువుకొను యువకుడొకడు ఇష్టలింగమును మెడనుండి తీసి పెట్టెలో ఉంచెననుకొనుడు. సెలవులకు వచ్చినపుడు తాత చూచి “భ్రష్టుడవైతివిరా” యనును. మనుమడు “మీకు ఆచారమే గాని అర్థము తెలియదు తాతా” యనును. మిగిలిన సెలవు దినములు మౌనముగా గడచును. (ఆ తాతయే యౌవనమున పంచె విడిచి పంట్లాము తొడిగిననాడు తన తండ్రిచేత చీవాట్లు తిన్నవాడు. ఆ ముచ్చట మాత్రము ఇంట ఎవరును ఎత్తరు.)

పెట్టెలో ఉంచుటకు కారణములు పెక్కులుండవచ్చును. తోడివారి పరిహాసమునకు వెఱచుట ఒకటి. స్నానమునకే వరుసలో నిలువవలసిన చోట శుచిగా పూజింపజాలక, అపచారమగునని దాచుట మఱియొకటి. నిజముగా విశ్వాసము సడలియుండవచ్చును. లేదా వట్టి సోమరితనమే కావచ్చును. సోమరితనమునకు బసవేశ్వరుని పేరు పెట్టుకొనుట యువకులకు తగదు. ఆయన ఇల్లు విడిచినది పూజ మానుటకు గాదు. అపచారభీతితో దాచినవానిని భ్రష్టుడనుట పెద్దలకును తగదు. కారణమేదియో అడిగినగాని తెలియదు.

అడుగుటలోను భేదమున్నది. 15వ శతాబ్దినాటి కన్నడ గ్రంథమగు శూన్యసంపాదనము ఇందుకు మంచి నిదర్శనము. కల్యాణమునకు వచ్చిన అక్కమహాదేవి పిన్నవయస్కురాలు. అల్లమప్రభువు ఆమెను మృదువుగా ప్రశ్నింపలేదు. నీ భర్త యెవరని, వస్త్రములు విడిచినదానవు కురులతో మేనేల కప్పుకొంటివని నిష్ఠురముగానే అడిగెను. కాని అడిగిన ప్రతి ప్రశ్నకును సమాధానము వచ్చువరకు వినెను. వినిన పిమ్మట శరణులు ఆమె ఆధిక్యమును అంగీకరించిరి. తమకన్న చిన్నదానిని పెద్దలు “అక్క” యని పిలిచిరి.

తాత అట్లు అడిగి వినగలిగినచో, మనుమడును అడుగవలసినది ఒకటి కలదు. ఆ లింగము తాతకు ఏ వయసున, ఏ గురువు చేతినుండి వచ్చినది? కఱవు యేండ్లలోను, జబ్బుపడిన నాళ్లలోను దానిని అఱచేత నిలుపుకొని ఆయన ఏమి తలంచెను? పెక్కు గృహములలో ఈ మాట ఇంతవరకు ఎవరును అడిగి యెఱుగరు. అడుగదలచినవాడు ఉదయమున తాత పూజ ముగియువరకు ప్రక్కన కూర్చుండవలసి యుండును.